ముంబై నడిబొడ్డున ఆర్ట్ డెకో హోటల్లో బస: గది వెతకడం నుంచి చెక్ అవుట్ దాకా

ముంబై వెళ్లే మనవాళ్లలో చాలామంది దాదర్‌లోనో, అంధేరీలోనో గది తీసుకుని, ఒక పూట టాక్సీ మాట్లాడుకుని గేట్‌వే, మెరైన్ డ్రైవ్ చూసి వెనక్కి వెళ్లిపోతారు. చర్చ్‌గేట్, ఫోర్ట్, మెరైన్ డ్రైవ్ కలిసిన ఆ పాత నగరం ఒక పూటలో అందేది కాదు. అక్కడి భవనాలు పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా కనిపిస్తాయి. వాటి మధ్యే నిద్రపోయి వాటి మధ్యే లేవాలి. అదీ 1930, 40ల నాటి ఆర్ట్ డెకో భవనంలోనే, అంటే నున్నటి వంపులు, గుండ్రటి బాల్కనీలు ఉండే ఆ కాలపు శైలి కట్టడంలోనే బస చేస్తే ఆ కాలపు మనుషులు గాలిని, వెలుతురును ఎంత శ్రద్ధగా ఇంట్లోకి పిలుచుకున్నారో మీకే తెలుస్తుంది. అలాంటి భవనాల్లో కొన్ని ఇప్పటికీ హోటళ్లుగా నడుస్తున్నాయి. వాటిలో బస బాగా జరగాలంటే ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెబుతాను.

1. వెళ్లేముందు: ఏం చూడబోతున్నారో తెలుసుకోండి

పారిస్‌లో 1925లో జరిగిన అలంకార కళల ప్రదర్శన నుంచి ఈ శైలికి ఆ పేరొచ్చింది. బొంబాయిలో అది 1930ల మొదట్లో వేళ్లూనింది. దానికి రెండు కారణాలు కలిసొచ్చాయి. బ్యాక్‌బే దగ్గర సముద్రాన్ని పూడ్చడంతో కొత్త నేల దొరికింది. ఇవాళ మెరైన్ డ్రైవ్ మీద మనం నిలబడే చోట ఒకప్పుడు నీళ్లే. రెండోది ఆర్‌సీసీ, అంటే లోపల ఇనుప కడ్డీలు పెట్టి పోసే కాంక్రీటు. రాతి కట్టడంలో మూల దగ్గర గోడను గుండ్రంగా తిప్పాలంటే ఒక్కో రాయినీ చెక్కాలి. కాంక్రీటుకైతే సెంట్రింగ్ చెక్కను ఎలా వంచితే బాల్కనీ అలా తిరుగుతుంది. మెరైన్ డ్రైవ్ పొడవునా కనిపించే ఆ నున్నటి వంపులన్నీ అలా పుట్టినవే.

అంతకు ముందు తరం పెద్ద కట్టడాలు తెల్లదొరల అధికారాన్ని చాటడానికి లేచాయి. ఇవి మాత్రం ఎక్కువగా భారతీయ వ్యాపారులు తమ కోసం, అద్దెకు ఇవ్వడం కోసం భారతీయ ఆర్కిటెక్టులతో కట్టించుకున్న ఇళ్లు. నాకు ఈ భవనాల మీద ఇంత ప్రేమ ఉండటానికి అదే మొదటి కారణం. బొంబాయి కట్టుబడి పనుల్లో తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన కామాఠీల కష్టం చాలా ఉంది. కామాఠీపురా అన్న పేరే వాళ్ల వల్ల వచ్చింది. తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదది.

ఓవల్ మైదానానికి తూర్పున విక్టోరియన్ గోథిక్ (బ్రిటిష్ కాలపు రాతి గోపురాల శైలి) కట్టడాలు, పడమట ఆర్ట్ డెకో వరస, దాని వెనక మెరైన్ డ్రైవ్ భవనాలు. ఈ మొత్తాన్ని, 94 భవనాలను, యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

2. ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మార్చి తర్వాత ఉక్కపోత. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన. వానాకాలంలో సముద్రం పోటెక్కినప్పుడు అలలు గట్టు దాటి రోడ్డు మీద పడతాయి. కిటికీ లోపల నుంచి చూడటానికి అద్భుతంగా ఉంటుంది గానీ, పెద్ద పోటు ఉన్న రోజుల్లో గట్టు దగ్గరికి వెళ్లొద్దని కార్పొరేషన్ హెచ్చరిస్తుంది. ఆ మాట వినాలి. పాత భవనాల పై అంతస్తుల్లో చెమ్మ కూడా ఆ నెలల్లోనే బయటపడుతుంది.

కొన్ని తేదీలు చూసుకోండి. వాంఖడే స్టేడియం పక్కనే కాబట్టి మ్యాచ్ ఉన్న రోజు చర్చ్‌గేట్ చుట్టుపక్కల జనం కిటకిటలాడతారు, గదులు దొరకడం కష్టం. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ కోసం రోడ్లు మూసేస్తారు. గణేశ్ నిమజ్జనం రోజుల్లో గిర్గావ్ చౌపాటీ వైపు వాహనం కదలదు. నిమజ్జనం చూడటానికే వెళ్తే వేరే సంగతి, భవనాల కోసమైతే ఆ వారం మానుకోండి.

3. హోటల్ ఎంచుకోవడం

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. హోటల్ బోర్డు మీద హెరిటేజ్ అని ఉన్నంత మాత్రాన అది ఆర్ట్ డెకో కాదు. కొలాబాలోని తాజ్ మహల్ ప్యాలెస్ 1903 నాటిది, ఆ శైలి పూర్తిగా వేరు. ఫోర్ట్‌లో చాలా లాడ్జీలు అంతకన్నా పాత భవనాల్లో ఉన్నాయి.

అసలైనవి కావాలంటే ఎక్కడ వెతకాలో చెబుతాను. మెరైన్ డ్రైవ్ మీదే 1940ల నాటి జంట భవనాలు రెండున్నాయి, సీ గ్రీన్ హోటల్, సీ గ్రీన్ సౌత్. ఎదురుగా సముద్రం తప్ప ఏమీ అడ్డు ఉండదు. చర్చ్‌గేట్ స్టేషన్ దగ్గర వీర్ నరీమన్ రోడ్డులో అంబాసిడర్ హోటల్ ఉంది. సముద్రం కనిపించకపోయినా ఫర్వాలేదు, నెమ్మదైన వీధి చాలనుకుంటే బాంబే హాస్పిటల్ దగ్గర వెస్ట్ ఎండ్ హోటల్ ఉంది. లిబర్టీ, మెట్రో సినిమా హాళ్లు దానికి దగ్గర్లోనే.

ఇక్కడ స్విమ్మింగ్ పూల్, జిమ్ వెతకొద్దు. ఈ తరహా పాత హోటళ్లలో సామాను సాదాగా ఉంటుంది, లిఫ్ట్ చిన్నది, నడవా మాత్రం విశాలం. కార్పొరేట్ హోటల్ హంగులు కావాలనుకునేవాళ్లకు ఇవి నచ్చవు. అందులో తప్పేం లేదు, డబ్బు కట్టే ముందు తెలిసి ఉండాలి, అంతే.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసేటప్పుడు మంచం, దుప్పటి చూడకండి. నేల చూడండి. ఇత్తడి పట్టీలతో గళ్లు విడదీసిన పాత మొజాయిక్ నేల ఇంకా ఉందా, దాని మీద తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ పరిచేశారా? కిటికీ ఫ్రేములు చెక్కవో, ఇనుపవో ఉన్నాయా, అల్యూమినియం స్లైడింగ్ పెట్టేశారా? మెట్ల దగ్గర రెయిలింగ్ ఫొటో ఎవరైనా అతిథి పెట్టారా? ఈ మూడూ మిగిలి ఉంటే భవనం బతికి ఉన్నట్టే. బయట గోడ ఒక్కటే పాతగా ఉండి లోపలంతా మార్చేసిన చోట అంత డబ్బు పెట్టమని నేను చెప్పను.

4. గది ఎంచుకోవడం

అసలు మెలకువంతా ఇక్కడే ఉంది. ఒకే హోటల్లో రెండు గదులకు పోలికే ఉండదు.

సముద్రం వైపు గదికి పడమటి ఎండ కొడుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా గోడ వేడెక్కుతుంది. అర్ధరాత్రి దాటినా కింద కార్ల హోరు ఆగదు. అయినా ముందు వైపు గదే తీసుకోమంటాను, కనీసం ఒక రాత్రికి. చీకటి పడ్డాక అర్ధచంద్రాకారంలో వెలిగే ఆ దీపాల వరసను క్వీన్స్ నెక్లెస్ అంటారు. దాన్ని మీ బాల్కనీలో కుర్చీ వేసుకుని చూడటానికే ఇంత దూరం రావడం. నిద్ర తేలిగ్గా చెదిరిపోయేవాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు మాత్రం పక్క సందు వైపు గది అడగండి.

అంతస్తు సంగతి. మరీ కిందైతే ట్రాఫిక్ చప్పుడు, పొగ. అన్నిటికన్నా పైనైతే ఎండాకాలం శ్లాబ్ వేడి, వానాకాలం కారే భయం. మధ్య అంతస్తులు మేలు. మూల గది దొరికితే వదలకండి, రెండు వైపుల నుంచీ గాలి ఆడుతుంది, వంపు తిరిగిన బాల్కనీ ఉంటే అది సాధారణంగా ఆ మూలకే వస్తుంది.

వెబ్‌సైట్‌లో బుక్ చేసే ముందు హోటల్‌కు నేరుగా ఫోన్ చేయండి. హిందీలోనో ఇంగ్లిషులోనో అడగాల్సినవి ఇవి:

- సీ ఫేసింగ్ అంటే పూర్తిగా ఎదురుగానా, పక్కకు వంగి చూస్తే కనిపించేదా?
- కిటికీ తెరుచుకుంటుందా? ఏసీ కిటికీలోనే బిగించారా, స్ప్లిట్‌దా?
- లిఫ్ట్ పనిచేస్తోందా, ఏ అంతస్తు దాకా వెళ్తుంది? గేటు నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా?
- వేడినీళ్లు రోజంతా వస్తాయా?
- భవనానికి రిపేర్లు జరుగుతున్నాయా? బయట పరంజా కట్టి ఉందా?

చివరి ప్రశ్న మర్చిపోవద్దు. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుంది, పెచ్చులు ఊడతాయి. అందుకే మెరైన్ డ్రైవ్ మీద ఎప్పుడూ ఏదో ఒక భవనానికి మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. మరమ్మతు మంచిదే. కానీ మీ కిటికీ ముందు ఆకుపచ్చ వల కట్టి ఉంటే సముద్రం కనిపించదు.

అద్దె దగ్గర ఒక లెక్క. 2025 సెప్టెంబరు నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గదికి మొత్తం 7,875 అవుతుంది. 7,600 గదికైతే 8,968. వంద రూపాయల తేడా వెయ్యి దాటుతుంది. అంచులో ఉన్న ధర అయితే, కాస్త తగ్గించి 7,500 చేయగలరా అని మర్యాదగా అడగండి.

5. చేరుకోవడం

రైలైతే సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) దాకా వెళ్లేదే ఎక్కండి. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్ మీదుగా వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ అక్కడికే చేరతాయి. ఎల్‌టీటీ (లోకమాన్య తిలక్ టెర్మినస్) దాకానే వెళ్లే బండి అయితే కుర్లా దగ్గర దిగి సామానుతో మళ్లీ అంత దూరం రావాలి. సీఎస్ఎంటీ నుంచి మెరైన్ డ్రైవ్‌కు టాక్సీలో కొద్ది నిమిషాలే. దక్షిణ ముంబైలో ఆటోలు ఉండవు, నలుపు పసుపు టాక్సీ ఎక్కి మీటర్ వేయమనండి.

ఈ బండ్లు తెల్లవారుజామునే దించుతాయి. చెక్ ఇన్ మామూలుగా మధ్యాహ్నం. ఆ మధ్య సమయం గురించి టెన్షన్ పడక్కర్లేదు. సామాను రిసెప్షన్‌లో పెట్టుకుంటారా అని ముందే అడిగి ఉంచుకుంటే, ఆ పొద్దుటి పూటే మీ మొదటి నడకకు సరైన వేళ. దాని గురించి కింద చెబుతాను.

విమానమైతే టాక్సీ డ్రైవరుకు సీ లింక్, కోస్టల్ రోడ్ మీదుగా అని చెప్పండి. సీ లింక్‌కు టోల్ ఉంటుంది, అయినా ఆ దారి నేరుగా మెరైన్ డ్రైవ్ చివరకు తెస్తుంది. సామాను తక్కువైతే 2025లో పూర్తిగా తెరుచుకున్న మెట్రో ఆక్వా లైన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చర్చ్‌గేట్‌కు వస్తుంది. లోకల్ ట్రైన్ అనుభవం కావాలంటే మధ్యాహ్నం ఎక్కండి, పొద్దున ఆఫీసు వేళ సూట్‌కేసుతో ఎక్కడం మాత్రం వద్దు.

ఆధార్ ఒరిజినల్ అందరివీ ఉంచుకోండి. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలు, మనవలు వెంట ఉంటే పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు రెండూ కావాలి. వాళ్ల కోసం హోటల్ వాళ్లు విదేశీయుల వివరాల ఫారం నింపాల్సి ఉంటుంది, కౌంటర్ దగ్గర కాస్త ఆలస్యమవుతుంది.

6. గదిలో అడుగుపెట్టాక

సంతకం పెట్టకముందే గది చూపించమనండి. పాత హోటళ్లలో ఇది అందరూ అడిగేదే, ఎవరూ ఏమీ అనుకోరు. కిటికీ రెక్క తెరిచి మూయండి. షవర్ తిప్పండి. పైకప్పు మూలల్లో పసుపు మరకలున్నాయేమో చూడండి. నచ్చకపోతే అప్పుడే వేరే గది అడగాలి.

తర్వాత ఏసీ ఆపి, కిటికీలన్నీ తెరిచి కూర్చోండి. ఏసీలు ఇంటింటికీ లేని రోజుల్లో కట్టిన గది అది. కిటికీ మీద పొడుగ్గా చుట్టుకుపోయే సిమెంటు చజ్జా చూడండి, మూల దగ్గర కూడా తెగకుండా తిరుగుతుంది. ఇంగ్లిషులో దాన్ని ముద్దుగా కనుబొమ్మ అంటారు. నడినెత్తిన ఉన్న ఎండను ఆపుతుంది, వాన జల్లును తోసేస్తుంది, గాలిని మాత్రం రానిస్తుంది. అలంకారంగా కనిపించేది చాలావరకు అవసరమే.

కిందికి వెళ్లేటప్పుడు లిఫ్ట్ వద్దు, మెట్లు దిగండి. ఇలాంటి భవనాల మెట్ల దారి దగ్గర ఆగి చూడాల్సినవి చాలా ఉంటాయి. ఓడ రెయిలింగ్‌లా అడ్డంగా సాగే గొట్టాలు, ఓడ కిటికీలా గుండ్రటి రంధ్రం, గ్రిల్లులో సూర్యకిరణాలు. చెయ్యి ఆనించే చోట లక్షల చేతుల రాపిడికి అంచులు నున్నబడి ఉంటాయి. నేల మీద మొజాయిక్ ఉంటే ఒంగి చూడండి, సిమెంటులో కలిపిన చిన్న చిన్న పాలరాతి ముక్కలు, మధ్యలో సన్నటి ఇత్తడి గీత, ఆ గీత మూల తిరిగే చోట అతుకు కూడా తెలియని పనితనం. ఈ పని చేసిన మేస్త్రీల పేర్లు ఎక్కడా రాసి లేవు.

7. వెలుతురును బట్టి నడవండి

ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: ఓవల్ పక్కనున్న ఆర్ట్ డెకో వరస తూర్పు ముఖం, మెరైన్ డ్రైవ్ వరస పడమటి ముఖం. కాబట్టి ఓవల్ పొద్దున, మెరైన్ డ్రైవ్ సాయంత్రం. తిరగేస్తే రెండూ నీడలో ఉంటాయి, రంగులు తేలవు, ఫొటోలు చప్పగా వస్తాయి.

ముంబైలో విజయవాడ కంటే సుమారు అరగంట ఆలస్యంగా తెల్లారుతుంది. చలికాలంలో ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య ఓవల్ దగ్గర ఉండండి. మైదానంలో అప్పటికే క్రికెట్ మొదలై ఉంటుంది. రోడ్డు వెంట నెమ్మదిగా నడుస్తూ పేర్లు చదవండి: రజ్జబ్ మహల్, ఎంప్రెస్ కోర్ట్, కోర్ట్ వ్యూ, శివశాంతి భువన్. భవనం పేరు రాసిన అక్షరాలు కూడా ఆ శైలిలోనే పోత పోసి ఉంటాయి. ఎంప్రెస్ కోర్ట్ ఆర్కిటెక్ట్ జి.బి. మ్హాత్రే గీసినది. కోర్ట్ వ్యూ ముందు నిలబడి వెనక్కి తిరిగితే మైదానం అవతల 1878 నాటి హైకోర్టు. మధ్యలో పచ్చిక, అటు రాతి గోపురాలు, ఇటు లేత పసుపు, గులాబీ రంగు బాల్కనీలు. రెండు కాలాలు ఇంత దగ్గరగా ఎదురెదురుగా నిలబడ్డ చోటు మన దేశంలో ఇంకోటి నేను చూడలేదు.

ఎండ ఎక్కాక ఫోర్ట్ వీధుల్లోకి వెళ్లండి. 1936 నాటి న్యూ ఇండియా అష్యూరెన్స్ భవనం దగ్గర తప్పకుండా ఆగాలి. మాస్టర్, సాఠే, భూతా అనే ఆర్కిటెక్టులు కట్టారు, శిల్పాలు ఎన్.జి. పాన్సారేవి. రైతులు, కుమ్మరులు, నూలు వడికే ఆడవాళ్లు గోడ మీద నిలబడి ఉంటారు. పరదేశం నుంచి వచ్చిన శైలిలో మన పల్లె మనుషులు!

మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు, ఆ ఉక్కలో తిరిగినా ఏమీ కనిపించదు.

నాలుగున్నరకు చర్చ్‌గేట్ ఎదుట ఎరోస్ సినిమా. 1938లో తెరిచారు, షొరాబ్జీ భేద్వార్ గీసిన భవనం. ఎర్రరాయి, లేత గోధుమ రంగు, మెట్లు మెట్లుగా పైకి లేచే గోపురం. చాలాకాలం మూతపడి 2024లో మళ్లీ తెర లేచింది, కాబట్టి టికెట్ కొని లోపలికీ వెళ్లొచ్చు. అక్కడి నుంచి వీర్ నరీమన్ రోడ్డు వెంట నడిస్తే సముద్రం ఎదురయ్యే మూల మీద సూనా మహల్, 1937 నాటిది, ఇదీ మ్హాత్రేదే. మూల మీద గుండ్రంగా లేచిన ఆ బురుజు మీద సాయంత్రపు ఎండ పడేటప్పుడు రోడ్డు అవతల గట్టు మీద నుంచి చూడండి. అందరూ సముద్రం వైపు తిరిగి సూర్యాస్తమయం చూస్తుంటారు. ఆ పది నిమిషాలు మీరు సముద్రానికి వీపు పెట్టి భవనాల వైపు తిరగండి.

రెండో రోజు కొలాబా. 1933 నాటి రీగల్ సినిమా చూసి, గేట్‌వే వైపు వెళ్లే దారిలో ధన్‌రాజ్ మహల్ దగ్గర ఆగండి. హైదరాబాద్ రాజా ధన్‌రాజ్‌గీర్ 1930ల్లో కట్టించుకున్న భవంతి అది. భారతదేశపు తొలి టాకీ ఆలం ఆరా నాయిక జుబేదా ఆ ఇంటి కోడలే. మన హైదరాబాద్ డబ్బుతో, అరేబియా సముద్రం ఒడ్డున లేచిన ఆర్ట్ డెకో భవనం అది.

8. తిండి

హోటల్ బ్రేక్‌ఫాస్ట్ అద్దెలో కలిసి ఉంటే ఒక రోజు తినండి, రెండో రోజు మెట్రో సినిమా దగ్గర 1904 నుంచి నడుస్తున్న కయానీలో ఇరానీ చాయ్, బ్రున్ మస్కా (వెన్న రాసిన గట్టి బన్ను). హైదరాబాద్ ఇరానీ చాయ్ అలవాటున్నవాళ్లకు ఇది కాస్త పలచగా అనిపించొచ్చు. అన్నం లేకపోతే కుదరని పెద్దవాళ్లకు చర్చ్‌గేట్ దగ్గర సమ్రాట్‌లో గుజరాతీ థాలీ బాగుంటుంది, పప్పులో తీపి ఉంటుందని ముందే చెప్పి తీసుకెళ్లండి. రాత్రి బ్రేబోర్న్ స్టేడియం భవనంలోని కె. రుస్తుంలో రెండు బిస్కెట్ల మధ్య పెట్టిచ్చే ఐస్‌క్రీం.

9. పక్కిళ్ల విషయంలో మర్యాద

ఓవల్, మెరైన్ డ్రైవ్ భవనాల్లో ఎక్కువ భాగం ఇళ్లు. మనుషులు కాపురముంటున్నారు. రోడ్డు మీద నుంచి ఫొటో తీసుకోవడానికి అభ్యంతరం ఉండదు గానీ, గేటు తీసి ఉంది కదా అని లాబీలోకి వెళ్లిపోకూడదు. వాచ్‌మన్‌ను అడగండి, వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కిటికీల్లోకి జూమ్ చేయడం, డ్రోన్ ఎగరేయడం అసలే వద్దు. లోపలి అందం చూడాలన్న ఆశ మీ హోటల్ తీరుస్తుంది. అక్కడైతే మీరు అతిథులు, ఎంతసేపైనా మెట్ల మీద నిలబడొచ్చు.

10. చెక్ అవుట్

పాత హోటళ్లలో బిల్లు ముందు రోజు రాత్రే ఒకసారి చూపించమనండి, లాండ్రీ, టీ, ఎక్స్‌ట్రా బెడ్ లెక్కలు అప్పుడే సరిచూసుకోవచ్చు. హుస్సేన్‌సాగర్ తిరుగు ప్రయాణం రాత్రి పూట, చెక్ అవుట్ మధ్యాహ్నం. సామాను రిసెప్షన్‌లో ఉంచి రసీదు తీసుకోండి. మ్యాచ్ ఉన్న సాయంత్రమైతే సీఎస్ఎంటీకి గంట ముందే బయల్దేరండి.

గది బాగుంటే రివ్యూ రాయండి. రాసేటప్పుడు ఏసీ, టీవీ గురించి ఒక్క ముక్క చాలు. మొజాయిక్ నేల, పాత కిటికీలు, మెట్ల రెయిలింగ్ నచ్చాయని విడిగా రాయండి, ఫొటోలు పెట్టండి, మేనేజరుతో నోటితో కూడా చెప్పండి. అతిథులు అడిగేది కొత్త టైల్స్ మాత్రమే అని యజమాని అనుకుంటే వచ్చే ఏడాది ఆ నేల మీద కొత్త టైల్స్ పరిచేస్తారు.